తలాఖ్ కోసం దీన్ విడిచిన ఆడవాళ్ళు

"ముర్తద్" అనే మాటని మన ఇళ్ళల్లో గొంతు తగ్గించి అంటారు. పుట్టిన దీన్‌ని విడిచిపెట్టినవాడు అని దానర్థం. ఆడమనిషైతే ముర్తద్దా. ఆ పనికి పేరు ఇర్తిదాద్. జుమా బయాన్లలో ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు రెండే కారణాలు వినబడ్డాయి. ఒకటి షైతాన్ వస్‌వసా, రెండోది దునియా మీద లాలచ్. అటుపక్క దీన్ విడిచినవాళ్ళు తమ సంగతి చెప్పుకుంటే అది అఖల్ కథ అవుతుంది. చదివాను, ఆలోచించాను, బయటికొచ్చాను అంటారు.

ఈ రెండు లెక్కల్లోకీ రాని ఇంకో కథ మన తారీఖ్‌లో ఉంది. మనం తెలుగులో తారీఖు అంటే తేదీ అనుకుంటాం గానీ ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. ఈ కథలో దీన్ విడిచినవాళ్ళు అల్లాతో తగువు పడలేదు, రసూల్‌తో తగువు పడలేదు. వాళ్ళ తగువల్లా ఇంట్లో ఉన్న షౌహర్‌తో, లేకపోతే ఇల్లొదిలి పోయి అయిపు లేని షౌహర్‌తో. వాణ్ణి వదిలించుకునే దారి దీన్ లోపల దొరక్క దీన్ బయటికి నడిచారు. ఆ నడకే 1939లో ఒక చట్టం తెచ్చింది. ఇవాళ మన దేశంలో ఒక ముస్లిం ఆడబిడ్డ కోర్టు గుమ్మం ఎక్కి, నా నికాహ్ రద్దు చెయ్యండి అని ఏ చట్టం పేరుతో అడుగుతోందో, ఆ చట్టం ఇదే.

ముడి ఎలా పడింది

ముందు ఒక సంగతి సాఫ్‌గా చెప్పుకోవాలి. ఇస్లాంలో ఆడదానికి విడిపోయే హక్కు లేదనడం తప్పు. సాబిత్ బిన్ ఖైస్ బీవీ కథ హదీసు కితాబుల్లో ఉంది. షౌహర్ గుణం మీద గానీ దీన్ మీద గానీ ఆమెకి షికాయత్ లేదు. అతనితో బతకలేనంది, అంతే. మెహర్‌గా తీసుకున్న తోట తిరిగి ఇచ్చెయ్యమని రసూలుల్లా (స) చెప్పారు, ఆమె ఇచ్చి విడిపోయింది. అదే ఖులా. బరీరా కథ కూడా ఉంది. బానిసత్వం నుంచి విడుదలయ్యాక ఆమె తన షౌహర్ ముగీస్‌ని వద్దనుకుంది. అతను మదీనా వీధుల్లో ఏడుస్తూ ఆమె వెనక తిరిగాడు. రసూలుల్లా అతని తరఫున ఒక మాట చెప్పి చూశారు. ఇది హుకుమా, సిఫారసా అని ఆమె అడిగింది. సిఫారసే అన్నారు. అయితే నాకొద్దు అంది. ఆ మాటని అలాగే ఉండనిచ్చారు.

మరి ముడి ఎక్కడ పడింది? హిందుస్తాన్ ముసల్మానుల్లో చాలామంది హనఫీ మస్లక్ వాళ్ళం. హనఫీ ఫిఖ్‌లో ఖులాకి షౌహర్ రజామందీ కావాలి. వాడు ఒప్పుకోకపోతే ఖాజీ దగ్గరికెళ్ళినా నికాహ్ రద్దయ్యే కారణాలు బహు తక్కువ. షౌహర్ నామర్ద్ అని తేలితే రద్దవుతుంది. చిన్నప్పుడు తండ్రీ తాతా కాకుండా వేరే వలీ చేసిన నికాహ్ అయితే, వయసొచ్చాక వద్దనొచ్చు. అన్నం పెట్టకపోతే? ఖాజీ హుకుంతో వాడి పేరు మీద అప్పు చేసుకుని తినమంటుంది కితాబు. కొడితే? ఖాజీ వాణ్ణి మందలించొచ్చు. కనబడకుండా పోతే? వాడి ఈడువాళ్ళందరూ చనిపోయేంత కాలం ఆగాలి. కొందరు దానికి తొంభై ఏళ్ళ వయసు అని లెక్క కట్టారు. అంటే ఇరవై ఏళ్ళ పిల్లని ఇరవై అయిదేళ్ళ మొగుడు వదిలేసి పోతే, ఆమె ఎనభై అయిదేళ్ళు వచ్చేదాకా వాడి బీవీయే.

మాలికీ మస్లక్‌లో ఇలా లేదు. అక్కడ నాలుగేళ్ళు చాలు. ఖర్చులకివ్వకపోయినా, హింసించినా నికాహ్ తెంచే అధికారం ఖాజీకి ఉంది. ఇబ్బంది ఎక్కువైనచోట ఒక మస్లక్ వాళ్ళు ఇంకో మస్లక్ మాట తీసుకోవచ్చని హనఫీ ఫఖీహ్‌లే రాశారు. ఖాజీ బతికున్న మనిషి గనక ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి గతి చూసి దారి వెతికే వీలుంది.

ఆ ఖాజీనే ఇంగ్లీషువాళ్ళు తీసేశారు. 1772లో వారన్ హేస్టింగ్స్ ముసల్మానుల నికాహ్, విరాసత్ వ్యవహారాలకి వాళ్ళ దీన్ చట్టమే అన్నాడు. కానీ తీర్పిచ్చే కుర్చీలో కంపెనీ జడ్జి కూర్చున్నాడు. అతనికి అరబీ రాదు. అందుకని 'హిదాయా'ని ఇంగ్లీషులోకి దించారు. చార్లెస్ హామిల్టన్ తర్జుమా 1791లో అచ్చయింది. పన్నెండో శతాబ్దపు ఒక ఫిఖ్ కితాబు అలా బిగుసుకుపోయిన శాసనమైంది. మొదట్లో కోర్టుల్లో మౌల్వీలు సలహాదారులుగా ఉండేవారు. 1864 చట్టంతో వాళ్ళనీ పంపేశారు. తర్వాత 1880లో ఖాజీల చట్టం వచ్చింది. మనవాళ్ళు గమనించాల్సిన విషయం, ఆ చట్టం మొట్టమొదట అమల్లోకి వచ్చింది మద్రాసు ప్రెసిడెన్సీలోనే. అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అందులో ఉన్నాయి. కానీ ఆ ఖాజీకి ఇచ్చింది నికాహ్ చదివించే పని మాత్రమే. నికాహ్ తెంచే అధికారం ఇవ్వలేదు. ఇవాళ్టికీ ఇవ్వలేదు.

అలా తాళం మిగిలింది, తాళంచెవి పట్టుకున్న మనిషి పోయాడు.

మిగిలిన ఒక్క దర్వాజా

అదే హనఫీ ఫిఖ్‌లో ఇంకో మాట ఉంది. మియా బీవీల్లో ఒకరు ఇస్లాం విడిస్తే నికాహ్ వెంటనే తెగిపోతుంది. తలాఖ్ అక్కర్లేదు, షౌహర్ రజామందీ అక్కర్లేదు. అయితే పాత ఫఖీహ్‌లు దాన్ని ఆడవాళ్ళకి దారిగా వదల్లేదు. ముర్తద్ మగవాడికి మరణశిక్ష, ఆడదానికి ఖైదు అని రాశారు. తిరిగి కల్మా చదివిందాకా ఖైదు, చదివాక మళ్ళీ అదే షౌహర్‌తో నికాహ్. దర్వాజా ఉన్నా బయట పహరా ఉందన్నమాట.

ఇంగ్లీషు రాజ్యంలో ఆ పహరా పోయింది. దీన్ మారినందుకు ఎవరినీ ఖైదు చెయ్యరు. పైగా 1850 నాటి 21వ చట్టం ప్రకారం మతం విడిచినందుకు ఆస్తి హక్కు కూడా పోదు. కోర్టులు హిదాయాలోని మొదటి సగం అమలు చేశాయి, రెండో సగం వాళ్ళ చట్టంలో చెల్లదు. 1910లో అలహాబాదు హైకోర్టు అమీన్ బేగ్ కేసులో బీవీ ఇస్లాం విడిచాక నికాహ్ తెగిపోయినట్టే అంది. ఇతర హైకోర్టులూ అదే దారి పట్టాయి. ఈ కబురు ఆడవాళ్ళకి ఎవరు చెప్పారో ఊహించడం కష్టం కాదు. వకీళ్ళు చెప్పారు. పంజాబులో మిషనరీలున్నారు, 1920లలో ఆర్య సమాజ్ శుద్ధి ఉద్యమం జోరు మీదుంది. ఒక బాప్తిస్మం కాగితంతో, కొన్నిచోట్ల కోర్టులో ఒక్క మాటతో, ఏళ్ళ తరబడి తెగని నికాహ్ తెగిపోయేది.

ఈ కేసుల్లో నన్ను వదలకుండా పట్టుకున్నది రేషమ్ బీబీ కేసు. 1938 నాటి లాహోర్ రిపోర్టుల్లో ఉంది. తాను ఇస్లాం విడిచానని ఆమె కోర్టులో చెప్పింది. షౌహర్ ఖుదాబఖ్ష్ ఒప్పుకోలేదు, ఇదంతా నాటకమన్నాడు. కింది కోర్టు జడ్జికి నిజమో నాటకమో తేల్చాలని తోచింది. పందిమాంసం తెప్పించి ఆమె ముందు పెట్టించాడు. తినమన్నాడు. ఆమె తినలేదు. ఇంకేం, ఈమె ముసల్మానే, నికాహ్ చెల్లుతుంది అన్నాడు. ఆమె హైకోర్టుకి వెళ్ళింది. మనిషి నేను విడిచానని చెప్తే చాలు, ఎందుకు విడిచింది, మనసులో ఏముంది అని కోర్టు తవ్వక్కర్లేదు అని హైకోర్టు ఆమె వైపు నిలిచింది.

ఆ కచేరీ గది ఒకసారి ఊహించుకోండి. చుట్టూ మగవాళ్ళు. ముందు పళ్ళెం. జన్మంతా హరామ్ అని వింటూ పెరిగిన పదార్థం. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే ఆజాదీ. పెట్టుకోలేకపోయింది. ఆ మొగుడి నుంచి విడిపోవడానికి కల్మాని వదులుకోగలిగిన మనిషి ఆ ముద్దని మాత్రం తినలేకపోయింది. మజ్‌బూరీ అంటే ఏమిటో దీనికంటే బాగా చెప్పే కాగితం నేను చదవలేదు.

ఖురాన్‌లో సూరా నహల్‌లో ఒక ఆయత్ ఉంది. గుండెలో ఈమాన్ నిండుగా ఉండి, జబర్దస్తీ వల్ల నోటితో కుఫ్ర్ మాట అన్నవాళ్ళకి మినహాయింపు ఇచ్చిన ఆయత్. మక్కా ముష్రికుల చిత్రహింసలు పడ్డ అమ్మార్ బిన్ యాసిర్ విషయంలో దిగిందని ముఫస్సిర్లు చెప్తారు. నా సవాల్ చిన్నది. అమ్మార్‌ని హింసించినవాళ్ళు ముష్రికులు. ఈ ఆడవాళ్ళని హింసించినవాళ్ళు నమాజీలే అయినంత మాత్రాన, జబర్దస్తీ జబర్దస్తీ కాకుండా పోతుందా?

ఇక్బాల్ అడిగాడు, థాన్వీ కదిలారు

కౌమ్ మొదట చేసిన పని గాబరా పడటం. మన ఆడవాళ్ళని ఎత్తుకుపోతున్నారు అనే గోల. ఎందుకు పోతున్నారు అని అడిగినవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళలో అల్లామా ఇక్బాల్ ఒకరు. మద్రాసులో, మన హైదరాబాదులో, అలీగఢ్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలతో 1930లో పుస్తకం వచ్చింది. అందులో ఇజ్తిహాద్ గురించి రాస్తూ, ఇష్టం లేని షౌహర్ల నుంచి బయటపడటానికి పంజాబు ముస్లిం ఆడవాళ్ళు దీన్ విడవాల్సి వస్తోందని, ఇది అందరికీ తెలిసిన సంగతేనని రాశాడు. దీన్‌ని వ్యాప్తి చెయ్యాల్సిన మజహబ్‌కి ఇంతకంటే విడ్డూరం ఏముంటుందన్నది ఆయన బాధ.

అసలు ఆశ్చర్యం తర్వాతిది. కదిలింది ఏ ఇంగ్లీషు చదువుల బారిస్టరో కాదు. థానా భవన్‌లో ఖాన్‌ఖాహ్‌లో కూర్చున్న మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ. మన నానీమాల పెట్టెల్లో ఉండే 'బెహిష్తీ జేవర్' రాసిన మనిషి. ఆడవాళ్ళు ఎలా నడవాలో, ఎలా ఒదిగి ఉండాలో పాఠం చెప్పినాయన. ఇర్తిదాద్‌తో నికాహ్ తెగిపోతుందని ఒకప్పుడు తానే ఫత్వా ఇచ్చినాయన. ఆయన 1930ల మొదట్లో 'అల్ హీలతున్ నాజిజా' అనే కితాబు తెచ్చారు. పేరుకి అర్థం, బేబస్ బీవీకి పనికొచ్చే ఉపాయం. మదీనాలోని మాలికీ ముఫ్తీలకి ఉత్తరాలు రాసి జవాబులు తెప్పించుకుని, దేవ్‌బంద్ ఉలమాలతో సంప్రదించి మరీ రాశారు.

అందులో ముఖ్యమైన మాటలు మూడు. మొదటిది తఫ్వీజ్. నికాహ్ అప్పుడే, ఫలానా జుల్ము జరిగితే తలాఖ్ అధికారం బీవీకే ఉంటుందని రాయించుకోవచ్చు. ఇది హనఫీ ఫిఖ్‌లో ముందునుంచీ ఉన్నదే. రెండోది, షౌహర్ గుమ్ అయినా, పిచ్చివాడైనా, ఖర్చులివ్వకపోయినా మాలికీ మాట ప్రకారం నికాహ్ రద్దు చెయ్యొచ్చు. ముస్లిం ఖాజీ లేనిచోట దీన్‌దార్ ముసల్మానుల పంచాయతీ ఆ పని చెయ్యొచ్చు. మూడోది, ఇర్తిదాద్‌తో నికాహ్ తెగదు. దీనికోసం ఆయన బల్ఖ్, సమర్‌ఖంద్ ఫఖీహ్‌ల పాత అభిప్రాయాన్ని వెతికి పట్టుకున్నారు. ఆ కాలంలో అక్కడ కూడా ఆడవాళ్ళు ఇదే దారి పడుతుంటే ఆ ఉలమాలు ఆ దర్వాజా మూశారట. అంటే పంజాబు ఆడవాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. వందల ఏళ్ళ ముందే ఆము నది ఒడ్డున ఏ రేషమ్ బీబీలో ఇదే పని చేశారు.

ఒక చేత్తో తెరిచి, ఒక చేత్తో మూసి

1936లో సెంట్రల్ అసెంబ్లీలో యు.పి. సభ్యుడు ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ బిల్లు పెట్టారు. జమియత్ ఉలమా ఎ హింద్ అండ ఉంది. మధ్యలో 1937లో షరియత్ చట్టం వచ్చింది. చివరికి 1939 మార్చి 17న 8వ చట్టంగా ముస్లిం వివాహాల రద్దు చట్టం పుట్టింది. హనఫీ చట్టంలో దారి లేకపోవడం వల్ల లెక్కలేనంతమంది ముస్లిం ఆడవాళ్ళు మాటల్లో చెప్పలేని కష్టాలు పడుతున్నారని బిల్లు ఉద్దేశాల్లోనే రాసుకున్నారు.

రెండో సెక్షన్‌లో తొమ్మిది కారణాలున్నాయి. షౌహర్ నాలుగేళ్ళు అయిపు లేకపోవడం, రెండేళ్ళు పోషించకపోవడం, ఏడేళ్ళు లేదా అంతకు మించి జైలు శిక్ష, మూడేళ్ళు కాపురం ధర్మం నెరవేర్చకపోవడం, నామర్దీ, పిచ్చి లేదా భయంకరమైన సుఖరోగాలు, పదిహేనేళ్ళ లోపు చేసిన నికాహ్‌ని కాపురానికి ముందే పద్దెనిమిది నిండకుండా వద్దనుకోవడం, క్రూరత్వం, షరియత్ ఒప్పుకునే మరే కారణమైనా. పాత జాబితాలో కుష్టు కూడా ఉండేది, 2019లో తీసేశారు. తండ్రి చేసిన నికాహ్‌నైనా వద్దనొచ్చు అన్నది చిన్న మార్పు కాదు. ఇక క్రూరత్వం అంటే కొట్టడం ఒక్కటే కాదు. ఆమె ఆస్తి అమ్మెయ్యడం, ఆమె నమాజ్ రోజాలకి అడ్డుపడటం, ఇద్దరు బీవీలుంటే ఖురాన్ చెప్పినట్టు సమానంగా చూడకపోవడం కూడా అందులోకే వస్తాయి.

నాలుగో సెక్షన్ మూసిన చెయ్యి. పెళ్ళయిన ముస్లిం ఆడది ఇస్లాం విడిచినంత మాత్రాన నికాహ్ రద్దు కాదు. దీన్ విడిచాక కూడా పై తొమ్మిది కారణాల్లో ఏదైనా ఉంటే ఆమె కోర్టుకెళ్ళొచ్చు. వేరే మతం నుంచి వచ్చి తిరిగి ఆ మతంలోకే పోయిన ఆడదానికి పాత పద్ధతే.

ఉలమాలు కూడా పూర్తిగా రాజీ పడలేదు. ఈ కేసులు ముస్లిం జడ్జే వినాలన్న క్లాజుని సెలెక్ట్ కమిటీలో కొట్టేశారు. గైర్ ముస్లిం జడ్జి తెంచిన నికాహ్ షరియత్ లెక్కలో తెగినట్టు కాదన్న మాట అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తోంది. కోర్టు డిక్రీ చేతిలో పెట్టుకుని కూడా, రెండో నికాహ్ చదివించడానికి జంకే ఖాజీలున్నారు. ఆ భారం మళ్ళీ ఆడపిల్ల మీదే.

ఇంకో తేడా ఎవరూ మాట్లాడరు. నాలుగో సెక్షన్ ఆడవాళ్ళ గురించే. మగవాడు దీన్ విడిస్తే పాత హనఫీ మాట ప్రకారం నికాహ్ అప్పుడే తెగిపోతుంది. నోటి మాటతో తలాఖ్ చెప్పగలిగినవాడికి ఆ దర్వాజాతో పనే లేదు. అయినా అది వాడికి తెరిచే ఉంది. పనున్న మనిషికి మాత్రం మూశారు.

ఇది మనవాళ్ళ కథే కదా అని నవ్వుకునేవాళ్ళకి ఒక మాట. 1955 దాకా హిందూ వివాహానికి దేశమంతటికీ వర్తించే విడాకుల చట్టం లేదు. 1940లలో హిందూ, పార్శీ, క్రైస్తవ ఆడవాళ్ళు కొందరు ఇస్లాంలోకి వచ్చి, మా పాత పెళ్ళి రద్దయిందనండి అని కలకత్తా, బొంబాయి హైకోర్టులకి వెళ్ళారు. వాళ్ళు ఇటొచ్చిన కారణమూ, మనవాళ్ళు అటెళ్ళిన కారణమూ ఒక్కటే. తర్వాత మగవాళ్ళ వంతు వచ్చింది. రెండో పెళ్ళి కోసం కల్మా చదివిన హిందూ షౌహర్ల మీద 1995లో సుప్రీంకోర్టు సరళా ముద్గల్ కేసులో తీర్పిచ్చింది. మొదటి పెళ్ళి ఉండగా ఆ రెండో పెళ్ళి చెల్లదంది. ఆడవాళ్ళు మతం దాటింది ఒక పెళ్ళి నుంచి బయటపడటానికి. ఈ మగవాళ్ళు దాటింది ఇంకో పెళ్ళి చేసుకోవడానికి.

ఇంతకీ ఎవరి ఖిద్మత్

1939 చట్టం గురించి మన జల్సాల్లో మాట్లాడితే కాజ్మీ సాహెబ్ పేరు, థాన్వీ హజ్రత్ పేరు, జమియత్ పేరు వస్తాయి. రావాలి కూడా, వాళ్ళు చేసింది గొప్ప ఖిద్మత్. కానీ క్రమం తప్పొద్దు. ముందు ఆడవాళ్ళు వెళ్ళిపోయారు, తర్వాత కితాబు వచ్చింది. మాలికీ ఫిఖ్ వెయ్యేళ్ళకు పైగా అక్కడే ఉంది. ఆకలితో, దెబ్బలతో ఉన్న బీవీలు అంతకుముందూ ఉన్నారు. వాళ్ళు సబర్ చేస్తూ ఏడ్చినంత కాలం ఎవరూ మదీనాకి ఉత్తరం రాయలేదు. దీన్ లెక్కలో ఒక తల తగ్గుతోంది అన్నప్పుడు రాశారు.

అందుకే, ఎవరైనా దీన్ విడిచారని తెలిసినప్పుడు కౌమ్‌గా మనం మొదట అడగాల్సింది వాళ్ళ ఈమాన్ గురించి కాదంటాను. మన ఇంట్లో వాళ్ళకి ఏం దొరకలేదు అని అడగాలి. ఈ ప్రశ్నకి జవాబు లేని ఇర్తిదాద్ కూడా ఉంటుంది. నిజంగానే నమ్మకం పోయినవాళ్ళుంటారు. వాళ్ళ హిసాబ్ అల్లా దగ్గర, మన దగ్గర కాదు. కానీ జవాబు ఉన్న ఇర్తిదాద్‌కి జిమ్మేదారీ మనదే.

దర్వాజాలు మెల్లగా తెరుచుకుంటున్నాయి. 2021లో కేరళ హైకోర్టు కోర్టు బయట ఖులా తీసుకునే హక్కు ఆడదానికి ఉందని ఒప్పుకుంది. 2025 జూన్‌లో మన తెలంగాణ హైకోర్టు, ఖులా బీవీకి పూర్తి హక్కు, షౌహర్ ఒప్పుకోలు మీద ఆధారపడదు అని చెప్పింది. సాబిత్ బిన్ ఖైస్ బీవీకి మదీనాలో దొరికింది హైదరాబాదులో మళ్ళీ దొరకడానికి పద్నాలుగు వందల ఏళ్ళు పట్టింది.

కోర్టులదాకా పోకుండా చేసుకోగలిగిన పని ఒకటుంది. థాన్వీ హజ్రత్ కితాబులో మొదటి మాటే అది. నేను చూసిన నికాహ్‌నామాల్లో మెహర్ అంకె ఉంటుంది, గవాహీల సంతకాలుంటాయి, షరతుల జాగా ఖాళీగా ఉంటుంది, లేదా అడ్డంగా ఒక గీత ఉంటుంది. పెళ్ళి మాటలప్పుడు జహేజ్ గురించి, బిర్యానీ దేగుల గురించి గంటలు గంటలు మాట్లాడతాం. ఆ గీత గురించి ఒక్క నిమిషం మాట్లాడం. ఈసారి మీ ఇంట్లో నికాహ్ జరిగితే, ఖాజీ సాహెబ్ రిజిస్టరు తెరిచినప్పుడు తఫ్వీజ్ షరతు రాయమని అడగండి. పిల్ల తండ్రి నోరు విప్పడానికి మొహమాటపడితే మామో, చాచానో అడగండి. దేవ్‌బంద్ పెద్దలు ఒప్పుకున్న మాటే, కొత్తగా కుఫ్ర్ ఏమీ కాదు అని చెప్పండి. బెహిష్తీ జేవర్ రాసినాయనే చెప్పారని చెప్పండి, కాదనేవాళ్ళు తగ్గుతారు.